మందు కంటే ముందు వైరస్ పేరు చెప్పండి

రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యాన శాఖ అధికారులకు, వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలకు నమస్కారం.

నేను అనంతపురం జిల్లా రైతును. నాలుగెకరాల్లో కళింగర వేస్తాను. మీ పుస్తకాల్లో దాన్ని పుచ్చ అంటారు. మరో ఎకరంలో బీర, కాకర పందిరి ఉంది. బీఎస్సీ అగ్రికల్చర్ చదివి కొన్నేళ్లు బయట ఉద్యోగం చేశాను. నాన్నకు ఒంట్లో ఓపిక తగ్గాక ఊరికి తిరిగొచ్చాను. మీ మీద కోపంతో ఈ ఉత్తరం రాయడం లేదు. మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది, అది మావల్ల కాదు. అందుకే అడుగుతున్నాను.

రెండేళ్ల కిందట జనవరిలో కళింగర నాటాను. నెల తిరిగేసరికి తీగలు మల్చింగ్ షీటు దాటి పాకుతున్నాయి. చూస్తే కడుపు నిండేలా ఉంది చేను. ఒకరోజు పొద్దున డ్రిప్పు చూసుకుంటూ వెళ్తుంటే నాలుగైదు పాదుల్లో తీగ కొనలు నేల విడిచి పైకి లేచి కనిపించాయి, పాము పడగ ఎత్తినట్టు. లేత ఆకులు ముడుచుకుని వాటి మీద పసుపు మచ్చలు పడ్డాయి. కణుపులు దగ్గర దగ్గరగా వచ్చాయి. ఇంకో వారానికి ఆ కొనలు నల్లబడి మాడిపోయాయి. అప్పటికి నాలుగైదు పాదులు కాస్తా నాలుగైదు వరుసలయ్యాయి.

ఫోన్‌లో ఫొటో తీసుకుని మందుల అంగడికి పోయాను. "వైరస్ అన్నా, ఈ ఏడు అందరి చేలల్లో ఉంది" అని తెల్లదోమ మందు ఒకటి, దానిలో కలుపుకోమని టానిక్ ఒకటి ఇచ్చారు. కొట్టాను. తగ్గలేదు. మళ్లీ పోతే ఇంకో మందు. అట్లా నాలుగు సార్లు కొట్టాను. చదువుకున్న నేనే ఆ టెన్షన్‌లో ఏది చేతికిస్తే అది కొట్టాను. చివరికి తీగకు పట్టుమని ఒక కాయ నిలవలేదు. నిలిచిన వాటి మీద కూడా మచ్చలు, వలయాలు. టన్ను లెక్కన కొనడానికి వచ్చిన వ్యాపారి గట్టు మీద నుంచే చూసి వెళ్లిపోయాడు.

నాతో చదివిన మిత్రుడు ఒకాయన పరిశోధనశాలలో పనిచేస్తాడు. ఆయనకు ఆకులు పంపితే నెలన్నరకు జవాబు వచ్చింది. అది పుచ్చలో వచ్చే మొవ్వు కుళ్ళు వైరస్. దాన్ని మోసేది తెల్లదోమ కాదు, తామర పురుగు. నేను నాలుగు సార్లు కొట్టింది దానికి సంబంధం లేని పురుగు మీద. అయితే జవాబు వచ్చేసరికి చేను దున్నేశాను.

నా నష్టం నాతో పోయింది. కానీ ఇదే తప్పు ప్రతి వేసవి పంటకూ, ప్రతి ఊళ్లోనూ జరుగుతోంది. "వైరస్" అనే ఒక్క మాట కింద మనం ఎన్నో వేర్వేరు జబ్బులను కుప్ప పోస్తున్నాం. ఆ కుప్ప మీద ఒకే రకం మందు కొడుతున్నాం.

దోస, పుచ్చ, సొర, బీర, కాకర, గుమ్మడి లాంటి తీగజాతి పంటలకు వచ్చే వైరస్‌లు ఎలా వ్యాపిస్తాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ ఈ లేఖ రైతులు కూడా చదవాలని నా కోరిక. అందుకని కొంచెం విడమరిచి రాస్తున్నాను.

తామర పురుగు మోసే మొవ్వు కుళ్ళు సంగతే చూడండి. ఆ పురుగు పిల్లగా ఉన్నప్పుడు జబ్బు మొక్కను తింటేనే వైరస్ దానికి ఎక్కుతుంది. పెద్దదై రెక్కలొచ్చాక బతికినన్నాళ్లూ పంచుతూ తిరుగుతుంది. పెద్ద పురుగుగా మారేముందు మట్టిలోకి దిగుతుంది. అంటే జబ్బు మొక్కను తొలి వారంలోనే పీకేస్తే పిల్ల పురుగులకు వైరస్ ఎక్కే చోటు తగ్గుతుంది. మల్చింగ్ షీటు గట్టిగా పరిస్తే మట్టిలోకి దిగే దారి కొంత మూసుకుపోతుంది. నీలం జిగురు అట్టలు పెడితే పురుగు ఎప్పుడొచ్చిందో తెలుస్తుంది. ఇవేవీ నేను చేయలేదు. ఏ పురుగుతో పోట్లాడుతున్నానో తెలిస్తే కదా చేయడానికి.

పేనుబంక మోసే మొజాయిక్ వైరస్‌ల దారి వేరు. జుకినీ ఎల్లో మొజాయిక్, బొప్పాయి రింగ్‌స్పాట్ వైరస్‌లో తీగజాతి పంటలకు వచ్చే రకం, ఇవన్నీ ఆ కోవవే. పేనుబంక ఆకు మీద వాలి, ముక్కుతో ఒక్కసారి పొడిచి రుచి చూసి, పక్క మొక్క మీదికి ఎగిరిపోతుంది. ఆ కొన్ని క్షణాల్లోనే వైరస్ అంటుకుంటుంది. ఎంత గట్టి మందు కొట్టినా, అది చచ్చేలోపే అంటించాల్సింది అంటించేస్తుంది. ఇక్కడ మందు ఖర్చు దాదాపు దండగ. వెండి రంగు పైకి ఉండేలా షీటు పరచడం, చుట్టూ జొన్నో సజ్జో గట్టు వరుసలు వేయడం వంటివే కొంత ఆదుకుంటాయి. ఈ సంగతి అంగడిలో ఎవరూ చెప్పరు. చెబితే వాళ్లకు అమ్ముడుపోయేదేమీ ఉండదు.

తెల్లదోమ మోసే ఆకుముడత వైరస్‌ది ఇంకో తీరు. దోమ కాసేపు కుదురుగా కూర్చుని రసం పీలిస్తేనే వైరస్ లోపలికి పోతుంది. అక్కడి నుంచి దోమ ఒంట్లో తిరిగి లాలాజలంలోకి వచ్చాకే ఇంకో మొక్కకు సోకుతుంది. అందుకే దీని విషయంలో దోమను మొదట్లోనే అదుపు చేస్తే, నారును నైలాన్ నెట్ కింద పెంచితే ఫలితం కనిపిస్తుంది.

ఇక నాలుగో దానికి పురుగుతో పనే లేదు. దోసలో వచ్చే గ్రీన్ మాటిల్ మొజాయిక్ వైరస్ విత్తనంతో వస్తుంది. ఆ తర్వాత తీగలు సవరించే చేతులతో, కోసే కత్తితో, నీళ్లతో పాకుతుంది. మట్టిలో మిగిలిన వేర్లలోనూ, చెత్తలోనూ నెలల తరబడి బతుకుతుంది. దీని మీద ఏ పురుగుమందు కొట్టినా నీళ్లు కొట్టినట్టే.

చూశారా, ఒకదానికి మొక్క పీకాలి, ఒకదానికి మందు కొట్టాలి, ఒకదానికి మందు కొట్టకూడదు, ఒకదానికి కత్తి కడగాలి. రైతు కంటికి మాత్రం నాలుగూ ఒకటే. ఆకు ముడత, పసుపు మచ్చలు, ఎదగని తీగ.

పేరు తెలియకపోతే ఎంత నష్టం జరుగుతుందో మా జిల్లాకు మీరు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2000 ఖరీఫ్‌లో వేరుశనగ చేలు నిలువునా ఎండిపోయాయి. సుమారు 2.25 లక్షల హెక్టార్లు, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం. అప్పుడు నేను చిన్నవాణ్ణి. నాన్న చేనికి పోయి వచ్చి అరుగు మీద మాట లేకుండా కూర్చోవడం గుర్తుంది. మొదట్లో చాలామంది దాన్ని పాత మొవ్వు కుళ్ళే అనుకున్నారు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే అది వేరే వైరస్, టొబాకో స్ట్రీక్ అని తేలింది. అది దాక్కున్నది గట్ల మీద, రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామలో. ఆ కలుపు పుప్పొడిని తామర పురుగులు ఒంటికి అంటించుకుని వచ్చి వేరుశనగ మీద వాలేవి. అవి ఆకును గీకిన గాయంలో నుంచి పుప్పొడిలోని వైరస్ మొక్కలోకి చేరేది. పేరు తేలాక చేయాల్సిన పని కూడా తేలింది: పూత రాకముందే వయ్యారిభామ పీకడం, గట్టు చుట్టూ జొన్న, సజ్జ వేయడం. అదే వైరస్‌ను తర్వాత దక్షిణాదిలో దోస జాతి పంటల్లోనూ గుర్తించారు. ఆనాడు ఆ పరీక్ష జరగకపోతే మేము ఇప్పటికీ మొవ్వు కుళ్ళు అనుకుంటూ పొరపాటు మందులే కొట్టేవాళ్లం.

పేరు తెలిస్తే సగం పని అయినట్టే. మిగతా సగం, ఆ పేరు కింద ఎన్ని రకాలున్నాయో తెలుసుకోవడం.

చాలా వైరస్‌లు తమను తాము కాపీ చేసుకునేటప్పుడు తప్పులు చేస్తాయి, వాటిని దిద్దుకోవు. మొవ్వు కుళ్ళు వైరస్ జన్యు పదార్థం మూడు ముక్కలుగా ఉంటుంది. తెల్లదోమతో వచ్చే న్యూఢిల్లీ ఆకుముడత వైరస్‌ది రెండు ముక్కలు. ఒకే మొక్కకు దగ్గరి చుట్టాలైన రెండు వైరస్‌లు సోకితే వాటి ముక్కలు కలగలిసి కొత్త రకం పుట్టే వీలుంది. అందుకే ఒక జిల్లాలో ఆగిన విత్తనం ఇంకో జిల్లాలో ఆగదు. నిరుడు తట్టుకున్న రకం ఈ ఏడు తట్టుకోదు. రైతులు దాన్ని "ఈసారి విత్తనం కల్తీ" అంటారు. కొన్నిసార్లు నిజంగానే కల్తీ. కొన్నిసార్లు మాత్రం మారింది విత్తనం కాదు, వైరస్.

న్యూఢిల్లీ ఆకుముడత వైరస్ కథ వింటే మీకు ఈ సంగతి ఎంత దూరం పోతుందో అర్థమవుతుంది. 1990ల్లో న్యూఢిల్లీ ప్రాంతపు టమాటాలో గుర్తించారు కాబట్టి దానికా పేరు. మన దేశంలో అది టమాటాతో పాటు సొర, బీర, కాకర, దొండ, గుమ్మడి అన్నిటికీ పాకింది. 2012లో స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతంలో జుకినీ అనే గుమ్మడి జాతి కూరగాయ తోటల్లో కనిపించింది. మరుసటేడు అల్మేరియా గ్రీన్‌హౌస్‌లకు చేరింది. 2015కల్లా మధ్యధరా సముద్రం దాటి ట్యునీషియాలో, ఇటలీలో తేలింది. స్పెయిన్ శాస్త్రవేత్తలు ఎన్నో తోటల్లో ఆకులు తీసి జన్యుక్రమం చదివి చూశారు. అన్నీ దాదాపు ఒకేలా ఉన్నాయి. అంటే పదిసార్లు రాలేదు, ఒకే దారిన వచ్చి పాకిందని అర్థం. అది దోస జాతికి బాగా అలవాటు పడి, టమాటా జోలికి పెద్దగా పోని రకం అని కూడా తెలుసుకున్నారు. ఏ పంటను ముందు కాపాడుకోవాలో వాళ్లకు దాంతో తేలిపోయింది.

ఆ వైరస్ పుట్టిల్లు మన దేశమే. ఇక్కడ దాని రకాలు అక్కడికంటే చాలా ఎక్కువ. అయినా నా పందిరి మీది బీరకు సోకింది ఏ రకమో అడిగితే చెప్పే చోటు నాకు దగ్గర్లో లేదు.

ఆ తర్వాత స్పెయిన్ వాళ్లు చేసిన పని నన్ను ఇంకా ఆలోచింపజేసింది. తట్టుకునే విత్తనం కోసం వెతుకుతూ వెలెన్సియాలోని పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రపంచమంతా సేకరించిన దోస విత్తనాలకు ఆ వైరస్ ఎక్కించి చూశారు. నిలబడినవి భారతదేశం నుంచి వెళ్లిన రకాలు. వాటిలో పొలాల్లో తమంతట తాము మొలిచే అడవి దోస జాతి కూడా ఉంది. ఆ జాతి మనకు కొత్తదా? పత్తిలో, జొన్నలో, గట్ల మీద పాకే బుడమ కాయలు ఆ కుటుంబమే కదా. మా అవ్వ ఆ కాయలు ఏరుకొచ్చి పచ్చడి నూరేది, ఎండబెట్టి వరుగులు చేసేది.

దానికి ముందు 1984లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు పిట్రా, లెకోక్ జుకినీ ఎల్లో మొజాయిక్‌ను తట్టుకునే జన్యువును గుర్తించిందీ భారత్ నుంచి వెళ్లిన దోసలోనే. అయితే ఆ వైరస్‌లోనూ రకాలున్నాయి. ఆ దోస ఒక రకాన్ని తట్టుకుంటుంది. ఇంకో రకం సోకితే ఆకులు మాడతాయి. మూడో రకానికి లొంగిపోతుంది. తట్టుకునే విత్తనం దొరికిందని చేతులు దులుపుకుంటే సరిపోదని, మన పొలంలో తిరిగే వైరస్ ఏ రకమో ఎప్పటికప్పుడు చూస్తూనే ఉండాలని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

కలుపు మందులు వచ్చాక మా పొలాల్లో బుడమ తీగ కనపడటమే తగ్గింది. కూలీలు దొరకని రోజుల్లో కలుపు మందు కొట్టొద్దని ఎవరినీ అనలేను, నేనూ కొడతాను. కానీ స్పెయిన్ వాళ్లకు పనికొచ్చిన ఆస్తి మన గట్ల మీద పోతుంటే మనసు ఒప్పుకోవడం లేదు. రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వాళ్లతో కలిసి రెండు రాష్ట్రాల్లో మిగిలిన బుడమ, నక్కదోస, పసుపు దోస నాటు రకాలు సేకరించండి. సేకరించి చల్లటి గదిలో దాచిపెట్టడంతో ఆగకండి. మన దగ్గర తిరిగే వైరస్‌లు వాటికి ఎక్కించి, ఏవి నిలబడుతున్నాయో చూడండి. విత్తనం ఏరి పంపమంటే మా మండలం నుంచి నేను పంపుతాను. మా ఊరి ఆడవాళ్లకు ఏ గట్టు మీద ఏ తీగ ఉందో నాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు విత్తనం, నారు సంగతి. 2014 సెప్టెంబరులో ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో, కాథరిన్ దగ్గరి పుచ్చ తోటల్లో గ్రీన్ మాటిల్ మొజాయిక్ కనిపించింది. పైకి కాయ బాగానే ఉంటుంది, కోస్తే లోపల గుజ్జు స్పాంజిలా మెత్తబడి, రంగు మారి ఉంటుంది. తినడానికి పనికిరాదు. వాళ్లు తోటలను దిగ్బంధం చేశారు, పంటను నాశనం చేశారు. వెంటనే ఒక నిబంధన కూడా తెచ్చారు. బయటి నుంచి వచ్చే దోస, పుచ్చ జాతి విత్తనాల ప్రతి లాట్ నుంచి 9,400 గింజలు తీసి ఈ వైరస్‌కు పరీక్ష చేయాలి, అందులో నెగ్గితేనే దేశంలోకి రానిస్తారు. మన దేశంలో ఈ వైరస్‌ను సొరలో 1940ల్లోనే గుర్తించారు. మన విత్తన ప్యాకెట్ మీద మొలక శాతం ఉంటుంది, స్వచ్ఛత ఉంటుంది, లాట్ నంబరు ఉంటుంది. వైరస్ మాట ఉండదు. కళింగర హైబ్రిడ్ విత్తనం గ్రాముల లెక్కన కొంటాం. అంత డబ్బు పెట్టేవాడికి ఆ ఒక్క లైను అడిగే హక్కు లేదా? విత్తనాన్ని పొడి వేడిలో, 72 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచి ఈ వైరస్‌ను తగ్గించే పద్ధతి విత్తన పరిశ్రమకు ఎప్పటి నుంచో తెలుసు. తెలియక చేయకపోవడం కాదు, అడిగేవాళ్లు లేక చేయకపోవడం.

నారు విషయంలో నాకు ఎదురైంది కూడా చెబుతాను. పోయినేడు పందిరికి కాకర నారు ఒక నర్సరీ నుంచి ట్రేలలో తెచ్చుకున్నాను. ఆ నర్సరీ పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి చాలా ఉన్నాయి. తెచ్చిన రోజే కొన్ని ఆకుల అడుగున తెల్లదోమ గుడ్లు ఉన్నాయి. నెట్‌కు చిరుగులున్నాయి, పక్కనే టమాటా నారు, మిరప నారు. నాటిన రెండు వారాలకే ముడత మొదలైంది. చేలోకి వైరస్ గాలిలో వచ్చిందా, నేనే డబ్బు పెట్టి ట్రేలో మోసుకొచ్చానా? నర్సరీల నమోదుకు ఉమ్మడి రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. నమోదు చేసిన నర్సరీకి సీజన్‌లో ఒక్కసారైనా వెళ్లి, ఆకులు తీసి పరీక్ష చేసి, ఫలితం ఆ గేటు మీద అంటించండి. దొండ వేసేవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. వాళ్లు వేసేది విత్తనం కాదు, కొమ్మ. తల్లి తీగలో జబ్బు ఉంటే ప్రతి కొమ్మలోనూ ఉంటుంది. శుభ్రమైన తల్లి తీగల నుంచి కొమ్మలు ఇచ్చే తోట జిల్లాకు ఒక్కటి మీ ఆధ్వర్యంలో పెట్టలేరా?

నేను ప్రధానంగా అడిగేది మాత్రం ఒక్కటే. కూరగాయలు, కళింగర ఎక్కువగా పండే ప్రతి జిల్లాలో ఆకు ఇస్తే వారంలోపు వైరస్ పేరు చెప్పే చోటు కావాలి. ఆంధ్రలో రైతు సేవా కేంద్రాలున్నాయి, తెలంగాణలో రైతు వేదికలున్నాయి. ఆకులు తీసుకోవడానికి అవి చాలు. కొన్ని వైరస్‌లకు పొలంలోనే నిమిషాల్లో ఫలితం చెప్పే పట్టీలు ఉన్నాయి. మిగతావి విశ్వవిద్యాలయాలకు పంపండి. వచ్చిన ఫలితాలను మీ ఫైళ్లలో దాచకండి. ఏ మండలంలో ఏ నెలలో ఏ వైరస్, ఏ రకం అని పటం వేసి అందరికీ కనిపించేలా పెట్టండి. మా పక్క మండలంలో తామర పురుగు వైరస్ జనవరిలోనే మొదలైందని తెలిస్తే నేను నీలం అట్టలు అదే వారం పెడతాను, తొలి పడగ కనిపించిన పాదును అదే రోజు పీకేస్తాను. పటాన్‌చెరులో, బెంగళూరు హార్టికల్చర్ పరిశోధనా సంస్థలో ఈ వైరస్‌ల మీద పేరున్న పని జరిగింది. ఆ పని కాగితాల్లో ఉంది. మాకు కావాల్సిన సమయానికి మా ఊరికి చేరడం లేదు.

ఖర్చు అవుతుందని మీరు అనవచ్చు. అవుతుంది. మా ఊళ్లో ఒక్క సీజన్‌లో పనికిరాని మందులకు పోసిన డబ్బు లెక్క వేద్దాం రండి, నేను కూర్చుంటాను. ఆ మందులు పోయేది మా బావుల్లోకి, మీరు కోసుకుని తినే కాయల్లోకి.

ఈ జనవరిలో మళ్లీ కళింగర వేస్తున్నాను. ఈసారి కొన పైకి లేచిన తొలి తీగ కనిపించగానే లేత ఆకులు నాలుగు కోసి కాగితంలో చుట్టి, కవర్లో పెట్టి, మీద తేదీ, ఊరి పేరు రాస్తాను. దాన్ని ఎక్కడికి పంపాలో చెప్పండి.

ఇట్లు,
ఒక కళింగర రైతు
అనంతపురం జిల్లా